లీలారాణి గెలిచిన ఉప్పుకోట

కిందటి వారం దుర్గాభవానిని గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. శ్రీకాకుళంలో ప్రకాష్ వాళ్ళింటి ముందుగది అది. నాలుగేళ్ళుగా ఆ గదిలోనే ఆమె కథ రాస్తోంది, అతను ఆ కథని కంప్యూటర్ గేమ్‌గా మలుస్తున్నాడు. దానికి 'ఉప్పుకోట' అని పేరు పెట్టుకున్నారు. ఆడేవాళ్ళు దారిపొడుగునా ఏం చేస్తే దాన్నిబట్టి ముగింపు మారిపోయే కథ అది. దాన్ని విడుదల చెయ్యడానికి ముందుకొచ్చిన హైదరాబాదు కంపెనీ మాత్రం, ఇన్ని ముగింపులెందుకు, ఒక్కటుంచి మిగతావి తీసెయ్యమంది. భవాని ససేమిరా అంది. కానీ ఆ ఉదయం పొందూరు బస్సు దిగి వచ్చేసరికి, ప్రకాష్ ఫోన్లో అంటున్న మాట గుమ్మంలోనే ఆమె చెవిన పడింది. "తీసేస్తాం సార్. భవానికి నేను నచ్చజెప్పుకుంటాను."

చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చింది భవాని.

"ఏటి తీసేస్తావు ప్రకాషూ?"

ప్రకాష్ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు. "ముందు కూర్చో. సెప్తాను."

"నిలబడే వింటాను. సెప్పు."

అతను కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె దాని వంక చూడలేదు. డిగ్రీ రోజుల నుంచీ స్నేహితులు వాళ్ళు. ఈ ఆట కోసమే ఆమె కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసింది. పోట్లాడుకోవడం వాళ్ళకి కొత్త కాదు. కాకపోతే ఇన్నాళ్ళూ ఎదురెదురుగా పోట్లాడుకున్నారు.

"ఎవుడైనా ఆట ఒక్కసారే ఆడతాడు భవానీ," అన్నాడు ప్రకాష్. "ఒక్క ముగింపే సూస్తాడు. మిగతావన్నీ మనం ఎవరి కోసం చేస్తన్నట్టు?"

"సూడనివి ఉన్నాయి కాబట్టే సూసింది ఆడి సొంతమవుతాది."

"వినడానికి బాగుంది. ఒక్కో ముగింపుని తప్పుల్లేకుండా నడిపించడానికి ఎంత పనో నీకు తెల్దు."

"తెల్దు. ఒప్పుకుంటాను. నన్నొక మాట అడగాలని నీకు తెల్దేటి?"

ప్రకాష్ తల దించుకునేలోగా వీధిలో కారు ఆగిన చప్పుడైంది. ఫోన్లో మాట్లాడిన మనిషి అప్పటికే శ్రీకాకుళం చేరిపోయాడన్నమాట.

ఆ వచ్చిన తిరుమలరావుది శృంగవరపుకోట. చదువు కోసం హైదరాబాదు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. మాటలో సొంతూరి జాడ లేకుండా నున్నగా చెక్కేసుకున్నాడు. కంపెనీ కొనే ప్రతి గేమ్‌నూ మొదలు నుంచి చివరిదాకా తనే ఆడి చూడడం అతని పని. అతను చెడ్డవాడేం కాదు. కుర్చీలో కూర్చోగానే, "ఆట చాలా బాగుందండీ. అబద్ధం చెప్పను. ఆ ఉప్పు మడులూ, ఆ తెల్లటి కోటా... ఎలా వచ్చింది మీకు ఆ ఊహ?" అని అడిగాడు.

"రైల్లోంచి నౌపడ దగ్గర ఉప్పు మడులు సూసి," అంది భవాని. కోపంలో ఉన్నా, ఆ ప్రశ్న అడిగినందుకు ఆమెకు అతని మీద కాస్త మంచి అభిప్రాయం కలిగింది.

ఆ కథ ఇదీ. లవణసీమ అనే రాజ్యం నుంచి సముద్రం వెనక్కి వెళ్ళిపోయింది. పడవలు మట్టిలో కూరుకుపోయాయి. దీనికంతటికీ కారణం ఉప్పుకోటలో ఉన్న సముద్రి అనే మాయలాడి అని, దాన్ని చంపి రమ్మని రాజు ఒక బాటసారిని పంపుతాడు. ఆడేవాళ్ళే ఆ బాటసారి. వెంట ఇద్దరు తోడు వస్తారు. విలుకత్తె ధరణి, పడవవాడు నందుడు. దారిలో ఎవరెవరో తారసపడతారు. ఎవరిని ఆదుకోవాలో, ఎవరిని వదిలెయ్యాలో, ఎవరి మీద కత్తి దుయ్యాలో అంతా ఆడేవాళ్ళ ఇష్టం.

"ఇష్టమే," అన్నాడు తిరుమలరావు. "కానీ చివరికి అందరూ చేసేది ఒకటే. కోట బద్దలు కొడతారు, మాయలాడిని చంపుతారు. ఆ ఒక్క ముగింపునే అద్భుతంగా తీర్చిదిద్దండి. ప్రకాష్ గారు ఒప్పుకున్నారు కూడాను."

"మీరు ఎంతవరకు ఆడారు?" అడిగింది భవాని.

"కోట తలుపు దాకా. చివరి ఘట్టం మీ ఎదురుగా ఆడదామని ఆపాను."

"అయితే ఆడండి. మీ తర్వాత ఇంకొకరు ఆడతారు. ఇద్దరివీ చూశాక, తీసెయ్యమని మళ్ళీ ఆ మాటే అనండి. నేనే తీసేస్తాను."

ప్రకాష్ చటుక్కున తలెత్తాడు. "ఇంకొకరు ఎవరు?"

భవాని గది మూలకి చూసింది. అక్కడ రెండో కంప్యూటర్ ముందు, తెల్లటి పొందూరు ఖద్దరు చీరలో, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చుని ఉంది లీలారాణి, ప్రకాష్ తల్లి. మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎన్నడూ గేమ్ ముట్టనివాళ్ళకి కూడా ఆట అర్థమవుతుందా లేదా అని తేల్చుకోవడానికి మొదట్లో ప్రకాషే ఆమెను బతిమాలి కూర్చోబెట్టాడు. ఇప్పుడామెను లేపడం కష్టంగా ఉంది. ఆవిడ ఆడేటప్పుడు పక్కన ఎవరూ కూర్చోకూడదని, ఏ దారిన వెళ్తోందో అడగకూడదని భవాని నియమం పెట్టింది. అందుకే ఆమె ఆట ఎలా సాగిందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. భవానికి కూడా.

"నానాడాలేటి?" అంది లీలారాణి. "సరే గానీ, ఆ బాబుని ముందాడనీ. నాది నిమ్మళం."

తిరుమలరావు తన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆట తెలిసిన చెయ్యి అది. కోట మీది నుంచి బాణాలు వానలా కురుస్తుంటే తప్పుకుంటూ, గోడవారన పాకుతూ, తలుపు దగ్గరికి చేరాడు. నందుడిని ముందుకు పంపి దూలంతో తలుపు కొట్టించాడు. తలుపు విరిగింది. అదే క్షణంలో పైనుంచి బల్లెం వచ్చి నందుడి గుండెల్లో దిగింది. "అయ్యో," అన్నాడు తిరుమలరావు. కానీ వేళ్ళు ఆగలేదు. మెట్లెక్కాడు, కావలివాళ్ళని నరికాడు, సభామంటపంలో సముద్రితో తలపడ్డాడు. ఆ పోరు చూడముచ్చటగా ఉంది. ప్రకాష్ నెలల తరబడి చెక్కిన పోరు అది. నీళ్ళు తాళ్ళలా పేనుకుని లేస్తుంటే తిరుమలరావు వాటిని దాటి దాటి చివరికి కత్తి దించాడు.

సముద్రి కూలింది. సముద్రం వచ్చింది. ఇన్నాళ్ళు బిగబట్టిన నీళ్ళన్నీ ఒక్క పెట్టున వచ్చాయి. పల్లపు ఊళ్ళు మునిగిపోయాయి. తర్వాత బాటసారికి కిరీటం, సింహాసనం, శంఖాలు. కొత్త రాజు ఎదుట ధరణి వచ్చి నిలబడి, విల్లు మెట్టు మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది. ఖాళీ మంటపంలో రాజు ఒక్కడే మిగిలాడు.

తిరుమలరావు కొంచెంసేపు తెర వైపే చూశాడు.

"ఇదేంటండీ? నేను గెలిచాను కదా?"

"గెలిచారు."

"మరి ధరణి ఎందుకు వెళ్ళిపోయింది?"

"చిత్తడి నేలలో ఒక సైనికుడు గాయాలతో పడి ఉన్నాడు. పేరు కేతుడు. గుర్తున్నాడా?"

తిరుమలరావు నుదురు ముడిచాడు. "ఆఁ... వాడు శత్రువు కదండీ. పైగా వాడి కవచం బాగుంది. చంపి తీసుకున్నాను."

"అప్పుడు ధరణి మీ పక్కనే ఉంది."

"ఏమీ అనలేదే!"

"అనలేదు. చూసింది."

తిరుమలరావు కుర్చీలో వెనక్కి వాలాడు. అతని మొహంలో చిరాకూ మెచ్చుకోలూ రెండూ కనిపించాయి. కొంతసేపటికి మెచ్చుకోలుదే పైచెయ్యి అయింది. "భలే రాశారండీ," అన్నాడు. "ఆ ఆట ఆడుతున్నంతసేపూ వాడు నాకు మళ్ళీ గుర్తే రాలేదు. ఇప్పుడు గుచ్చుకుంటున్నాడు. కానీ నా మాట కూడా వినండి. ఆ సైనికుణ్ణి ఎవరైనా చంపుతారు, లేదా వదిలేసి ముందుకు పోతారు. ఈ ముగింపు ఒక్కటి చాలు. గాయపడి పడున్న శత్రువు కోసం అంత దూరం వెనక్కి ఎవరెళ్తారండీ?"

"నాను ఎల్లేను బాబూ," అంది మూలనుంచి లీలారాణి.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఏటలా సూస్తారు? కట్టు కట్టేసి ఒగ్గేస్తే పుండు మానిపోతాదేటి? మార్సాలి కదా."

కేతుడి కథ భవాని పొందూరు బస్సులో వస్తూ పోతూ రాసుకున్నది. మొదట అతనికి ఒక్క మాటే ఉండేది. వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ అతను అదే మాట అంటే బాగుండదు కదా అనిపించి, ఒక్కో రాకకీ ఒక్కో సంభాషణ రాసుకుంటూ పోయింది. మొదట అనుమానం, తర్వాత విసుగు, తర్వాత ఇంటి సంగతులు. ఎవరు చూస్తారిదంతా అని ప్రకాష్ సణిగాడు. సణుగుతూనే ఒక్కటి కూడా వదలకుండా అన్నీ ఆటలో పెట్టాడు. నిజానికి ఎవరైనా చూస్తారని భవాని కూడా అనుకోలేదు.

లీలారాణి ఆట మొదలుపెట్టింది. ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటూ, నడవాల్సిన చోట నడుస్తూ, ఆగాల్సిన చోట ఆగుతూ. తిరుమలరావు కుర్చీ తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె బాటసారి నడుముకి కత్తి లేదు. ఎక్కడో అమ్మేసి మందు మూలికలు కొన్నదట.

"కత్తి లేకుండా కోటకెలా వచ్చారండీ?" అన్నాడు తిరుమలరావు నమ్మలేనట్టు.

"దారడుక్కుంటా వచ్చేను."

కోట తలుపు ఎదురుగా వచ్చింది. బాణాలు ఎక్కుపెట్టిన విలుకాళ్ళు గోడల మీద లేచారు. లీలారాణి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఎటు పోవాలో తెలియక ఆమె బాటసారిని ఉన్నచోటే నిలబెట్టింది. గోడ మీద ఎవరో చెయ్యెత్తారు. బాణాలు దిగాయి. తలుపు కిర్రుమంటూ లోపలికి తెరుచుకుంది. ఆ తెరుచుకున్న సందులో, ఒక కాలు ఈడ్చుకుంటూ, కేతుడు.

"ఓర్నాయనో! ఆడు బతికే ఉన్నాడేటి!" అని అరిచాడు తిరుమలరావు.

ఇన్నేళ్ళుగా చెక్కిన నునుపంతా ఆ ఒక్క అరుపుతో ఎగిరిపోయింది. ప్రకాష్‌కి నవ్వాగలేదు. తిరుమలరావు సిగ్గుపడలేదు. తెరకి మరింత దగ్గరగా జరిగాడు.

నందుడు ఈల వేసుకుంటూ తలుపు దాటాడు. అతని వెనక ధరణి నడిచింది. ఒక్క చుక్క రక్తం లేకుండా అందరూ మంటపం చేరారు. సముద్రి లేచి నిలబడింది. తిరుమలరావు ఆటలో ఇక్కడ కత్తి దుయ్యడం తప్ప ఇంకో దారి లేదు. లీలారాణి తెర మీద మాత్రం మరొక వాక్యం వెలిగింది. *పేరు పెట్టి పిలువు.*

"నాకిది రాలేదే?" అన్నాడు తిరుమలరావు.

"మీకు పేరు తెల్దు," అంది భవాని. "కేతుడు సముద్రి తమ్ముడు. ఆఖరిసారి కట్టు మార్చినప్పుడు సెప్తాడు, ఇంట్లో అక్కని ఏమని పిలిచేవారో."

లీలారాణి ఆ వాక్యం మీద నొక్కింది. బాటసారి పిలిచాడు. *ముత్యాలూ.*

సముద్రి చేతిలోని ఈటె కిందికి వాలింది. ఆ పేరుతో ఎవరూ పిలవక ఎన్నేళ్ళైందో అన్నట్టు ఆమె చాలాసేపు కదలలేదు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. రాజు ఓడలు తన వాళ్ళను ఎత్తుకుపోయి ఉప్పు గనుల్లో పడేశాయని, ఓడలు మళ్ళీ రాకూడదనే సముద్రాన్ని వెనక్కి పిలిచానని. ఇప్పుడు పొమ్మన్నా అది పోవడం లేదు. ఒక్కో అలనూ బుజ్జగించి పంపాలి. ఏళ్ళు పడుతుంది. ఒక్కదాని వల్ల కాదు.

తెర మీద ఆఖరి ప్రశ్న వచ్చింది. బాటసారి సెలవు తీసుకుని ఊరికి పోవచ్చు. లేదా ఆమెతో ఉండిపోవచ్చు.

"ఉండిపోతే మరి ఇంటికెళ్ళలేరండీ," అన్నాడు తిరుమలరావు లోగొంతుకతో. "సింహాసనం రాదు. ఏదీ రాదు."

"తెలుస్తన్నాది బాబూ." లీలారాణి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఒక్కర్తీ ఏటి సేసుకుంటాది పాపం?"

నొక్కింది.

నీళ్ళు వరదలా రాలేదు. ముందు ఉప్పు మడుల్లో తడి మెరిసింది. తర్వాత చీలమండ లోతు, తర్వాత మోకాలి లోతు. మట్టిలో కూరుకుపోయిన పడవ ఒకటి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. నందుడు దాన్ని తోశాడు. ధరణి ఎక్కి కూర్చుని, కోట గోడ వైపు చెయ్యెత్తి ఊపింది. గోడ మీద బాటసారి, ముత్యాలు పక్కపక్కన కూర్చుని తర్వాతి అలకోసం చూస్తున్నారు.

లీలారాణి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సింది అద్దాలు కాదని అందరికీ తెలుసు.

"ఇది అందరికీ ఇలాగే వస్తాదేటమ్మా?" అని అడిగింది.

"లేదాంటీ. ఇది మీరు చేసుకున్నదే."

"నానేటి సేసేను? కట్టు మార్సేను. అంతే కదా."

"అంతే ఆంటీ," అంది భవాని. ఇంకేమన్నా అంటే ఏడుపొచ్చేలా ఉంది. తాను రాసిన కథే. ప్రతి మాటా తన కలం నుంచి వచ్చిందే. అయినా ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టుగా ఉంది. రాసినవాళ్ళు తలుపులు మాత్రమే పెట్టగలరు, ఏ తలుపు తడతారన్నది ఆడేవాళ్ళ మనసు. ఈ మాట ఆమె ఎంతమందికో చెప్పింది. అది నిజమని మాత్రం ఈ మధ్యాహ్నమే కళ్ళారా చూసింది.

ప్రకాష్ తల్లి కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. సణిగి సణిగి పెట్టిన ఆ సంభాషణలన్నీ ఎవరి కోసం పెట్టాడో అతనికీ ఇప్పుడే తెలిసింది. "భవానీ..." అన్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

తిరుమలరావు లేచాడు. "నేను ఫోన్ చేసుకుని వస్తాను," అని వరండాలోకి నడిచాడు. అతని మాటలు ముక్కలు ముక్కలుగా లోపలికి వినిపిస్తున్నాయి. లేదండీ, తియ్యకూడదండీ. ఒక్కటి కూడా. నేను చూశానండీ. మీరూ చూడాలండీ. వాదించాడు. బతిమాలాడు. ఒక దశలో గొంతు పెంచాడు. తరవాత మాట తగ్గింది. వింటున్నాడు. చాలాసేపు విన్నాడు.

లోపలికి వచ్చినప్పుడు అతని మొహంలో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"ఒప్పుకున్నారు," అన్నాడు. "ముగింపులన్నీ ఉంటాయి. ఒక్క అక్షరం తియ్యరు."

"సోత్రం ప్రభువా," అంది లీలారాణి. ప్రకాష్ బల్ల అంచు పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. భవాని కళ్ళు మూసుకుంది.

"కానీ..." తిరుమలరావు ఆగి, ఎవరి వైపు చూడాలో తెలియక కిటికీ వైపు చూశాడు. "ఇంత పెద్ద కథని నడిపించడానికి ప్రోగ్రామింగ్ అంతా హైదరాబాదులో మా వాళ్ళే మళ్ళీ మొదటి నుంచి చేస్తారట. భవాని గారు వచ్చి అక్కడే ఉండి కథ చూసుకోవాలి. భవాని గారు మాత్రమే. ప్రకాష్ గారి అవసరం ఉండదన్నారు. నేను చెప్పి చూశానండీ. నా మాట అక్కడిదాకా నడిచింది, ఆపైన నడవలేదు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు."

ప్రకాష్ మొహం పాలిపోయింది. అయినా ముందు మాట్లాడింది అతనే. "ఒప్పుకో భవానీ. కథ బతుకుతాది."

"నన్నడక్కుండా సెప్పడం నీకు అలవాటైపోయింది," అంది భవాని.

లీలారాణి కుర్చీలోంచి లేచింది. కొడుకు వైపు చూసింది. భవాని వైపు చూసింది. తను ఆ గదిలో ఉన్నంతసేపూ ఈ పిల్ల మనసులో మాట బయటికి రాదని ఆమెకు తెలిసిపోయింది.

"టీ పెడతాను," అంది. "ఒరే ప్రకాషూ, నువ్వూ రా."

"అమ్మా, ఇప్పుడు..."

"రమ్మంతన్నానా? ఆ గుంటని ఒగ్గేయి. తన సంగతి తను ఆలోసించుకుంటాది."

కొడుకు భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. తలుపు తెర వాళ్ళ వెనక ఊగి ఆగింది. లోపల గిన్నె పెట్టిన చప్పుడు, కప్పులు కడుగుతున్న చప్పుడు.

తిరుమలరావు గొంతు తగ్గించాడు. "తొందరేం లేదండీ. కావాలంటే నేను అలా వీధిలో తిరిగి వస్తాను."

"అక్కర్లేదు," అంది దుర్గాభవాని. లోపలికి వినబడాలనే అన్నట్టు, ప్రతి అక్షరం విడివిడిగా పలికింది.

"హైదరాబాదు వస్తాను."

వంటగదిలో కప్పుల చప్పుడు ఆగిపోయింది.